లెక్కకు రాని ఆరవ వ్యక్తి

గద్యభాగం – సాహిత్య వ్యాసం

ఉద్దేశం

అపరాధ పరిశోధన నవలలో ఔత్సాహిక పరిశోధకుల పాత్రను పరిచయం చేయడం, నిత్యజీవితాన్ని శ్రద్ధగా గమనించే శక్తి ఎంత విలువైనదో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

నేపథ్యం

ఆంగ్ల రచయిత్రి అగాథా క్రిస్టీ 1890 సెప్టెంబరు 15న ఇంగ్లండులోని టార్కీ పట్టణంలో జన్మించారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఆసుపత్రి ఔషధశాలలో పనిచేశారు. అక్కడ విషాలను గురించి సంపాదించిన పరిజ్ఞానం ఆమె రచనలకు ముడిసరుకు అయింది. 1920లో వెలువడిన తొలి నవలతో హెర్క్యూల్ పోయిరో అనే పరిశోధకుణ్ణి సృష్టించారు. 1927లో ఒక పత్రికలో అచ్చయిన కథ ద్వారా మిస్ మార్పుల్ అనే వృద్ధురాలిని పాఠకలోకానికి పరిచయం చేశారు. 66 పరిశోధన నవలలు రచించిన క్రిస్టీ 1976 జనవరి 12న మరణించారు. వాటిలో 12 నవలలు మిస్ మార్పుల్‌కు సంబంధించినవి. ఇవి కాక ఆ పాత్రతో 20 కథలున్నాయి. మిస్ మార్పుల్ తొలి కథను, తొలి నవలను ఆధారం చేసుకొని సాగిన వ్యాసమిది.

పాఠం

ఒక పల్లెటూరు. ఒక పాతకాలపు ఇల్లు. మంగళవారం రాత్రి. చలిమంట వెలుగులో కొందరు కూర్చొని కబుర్లు చెప్పుకుంటున్నారు. వారిలో ఒకరు రచయిత, ఒకరు చిత్రకారిణి, ఒకరు మతగురువు, ఒకరు న్యాయవాది. ఐదవ వ్యక్తి స్కాట్లండ్ యార్డు పోలీసు శాఖకు అధిపతిగా పనిచేసిన సర్ హెన్రీ. మాట అపరాధాల మీదికి మళ్ళింది. రహస్యాన్ని ఛేదించడానికి ఎవరి వృత్తి ఎక్కువగా ఉపకరిస్తుందన్న చర్చ మొదలైంది. రచయిత కల్పనాశక్తిని మెచ్చుకున్నాడు. న్యాయవాది సాక్ష్యాన్ని మెచ్చుకున్నాడు. ప్రతి మంగళవారం సమావేశమై, ఒక్కొక్కరు తమకు తెలిసిన ఒక చిక్కుముడిని చెప్పాలని, మిగిలినవారు దానిని విప్పాలని నిశ్చయించుకున్నారు. చిత్రకారిణి సభ్యులను లెక్కపెట్టింది. ఐదుగురు.

చలిమంట పక్కన ఊలు అల్లుకుంటున్న ముసలమ్మ మృదువుగా కల్పించుకొని, ఆ లెక్కలో తనను మరచిపోయారని గుర్తుచేసింది. ఆ ఇల్లు ఆమెదే. ఆ అతిథులు ఆమె అతిథులే. తన ఇంటి నాలుగు గోడల మధ్యనే ఆమె లెక్కకు రాలేదు. ఆ ఆరవ వ్యక్తి పేరు జేన్ మార్పుల్. ప్రపంచ సాహిత్యంలో సుప్రసిద్ధురాలైన పరిశోధకురాలి ప్రవేశం ఇట్లా ఒక మరపుతో ప్రారంభం కావడం గమనింపదగినది.

సర్ హెన్రీ తన అనుభవంలోని ఒక ఉదంతాన్ని వారి ముందుంచాడు. జోన్స్ అనే వ్యక్తి ఇంట్లో ముగ్గురు రాత్రి భోజనం చేశారు. జోన్స్, అతని భార్య, ఆమెకు తోడుగా ఉండే మరొక స్త్రీ. డబ్బాలో నిలవచేసిన సముద్రపు రొయ్య ఆనాటి వంటకాలలో ఒకటి. ఆ రాత్రి ముగ్గురూ జబ్బుపడ్డారు. ఇద్దరు కోలుకున్నారు. జోన్స్ భార్య మరణించింది. పాడైన ఆహారమే కారణమని వైద్యుడు భావించాడు. ఆమెను సమాధి చేశారు. భార్య ఆస్తి జోన్స్‌కు దక్కింది.

కథ అంతటితో ముగిసేది. కాని జోన్స్ అంతకుముందు బసచేసిన హోటలులోని ఒక పనిమనిషి, అతడు వాడిన అద్దుడు కాగితం మీద కొన్ని మాటలు చదివింది. భార్యపై ఆధారపడటం, ఆమె మరణం, ఆ వెనుక ‘వందలు, వేలు’ అన్న మాటలు అక్కడ అచ్చుపడి ఉన్నాయి. వదంతి పుట్టింది. శవాన్ని వెలికితీసి పరీక్షించగా ఆర్సెనిక్ అనే పాషాణం బయటపడింది. విషప్రయోగం జరిగిన మాట నిజమని తేలింది. అయితే ముగ్గురూ తిన్న భోజనంలో ఒక్కరినే చంపగల విషం ఎట్లా కలిసింది? ‘వందలు, వేలు’ అంటే డబ్బేనని అందరూ అనుకున్నారు. జోన్స్ మాత్రం, ధనసహాయం కోరిన తన సోదరునికి ఉత్తరం రాశానని, అటువంటి దురవస్థలో వందలు, వేల మంది ఉన్నారన్నదే తన మాటలకు భావమని సమాధానం చెప్పాడు.

మిగిలిన నలుగురు తలొక ఊహ చేశారు. మిస్ మార్పుల్ తన ఊరిలో ఏనాడో జరిగిన ఒక సంగతిని తలచుకున్నది. భార్యకు తెలియకుండా, ఒకప్పుడు తన ఇంట్లో పనిచేసిన స్త్రీతో మరొక సంసారం నడిపిన పెద్దమనిషి ఉదంతమది. శ్రోతలకు అది అసందర్భంగా తోచింది. ఆమెకు మాత్రం దారి చూపింది. ఆనాటి భోజనంలో ట్రైఫిల్ అనే తీపి వంటకం ఉందా అని ఆరా తీసింది. దానిమీద అలంకారంగా చల్లే రంగురంగుల చక్కెర గుళికలను ఇంగ్లండు వంటిళ్ళలో ‘హండ్రెడ్స్ అండ్ థౌజండ్స్’ అంటారు. మన విందులలో భోజనానంతరం ఇచ్చే సోంపు మీది చక్కెర పూతను తలచుకుంటే వాటి రూపం ఊహకు అందుతుంది. ‘వందలు, వేలు’ అన్నది ధనం కాదు, జనం కాదు. అది ఒక వంటింటి పదం. విషం ఆ గుళికలలోనే కలిసింది. తోడుగా ఉన్న స్త్రీ ఒళ్ళు తగ్గే ప్రయత్నంలో ఉన్నందున తీపి ముట్టుకోలేదు. జోన్స్ ఆ గుళికలను పక్కకు తోసి తిన్నాడు. భార్య తిన్నది.

మరి వాటిని చల్లిన చేయి ఎవరిది? వంట చేసిన గ్లాడిస్ అనే పనిపిల్లది. భార్య మరణించాక నిన్ను పెళ్ళాడతానని జోన్స్ ఆమెను నమ్మించాడు. పని నెరవేరాక మరొకరిని వివాహమాడాడు. ఆ అమ్మాయి మరణశయ్యపై నిజం ఒప్పుకున్నదని, మిస్ మార్పుల్ ఊహించినదంతా యథార్థమేనని సర్ హెన్రీ అంగీకరించాడు.

ఈ కథ చమత్కారమంతా ఒక్క పదంలో ఉన్నట్లు కనిపిస్తుంది. లోతుగా పరిశీలిస్తే మరొక సత్యం బోధపడుతుంది. విన్నవారి దృష్టి భోజనానికి కూర్చున్న ముగ్గురి చుట్టే తిరిగింది. వడ్డించిన మనిషి ఎవరి మనసులోనూ గట్టిగా నిలువలేదు. ఆమెకు హత్య చేయవలసిన కారణమేమీ పైకి కనిపించలేదు. పనిపిల్లకూ ఒక ఆశ, ఒక భయం, ఒక మోసపోయిన బ్రతుకు ఉంటాయని తలచినది ఒక్క మిస్ మార్పుల్ మాత్రమే. లెక్కకు రాని వ్యక్తి మాత్రమే లెక్కకు రాని మరొక వ్యక్తిని గుర్తించగలిగింది. నవ్వుతూ చదవడం మొదలుపెట్టిన పాఠకుడు, కథ ముగిసేసరికి గ్లాడిస్‌ను తలచుకొని ఒక్క క్షణం మౌనం వహిస్తాడు.

మిస్ మార్పుల్ తొలి నవల 1930లో వెలువడింది. ‘ద మర్డర్ ఎట్ ద వికరేజ్’ అనే ఆ నవలలో సెయింట్ మేరీ మీడ్ అనే కల్పిత గ్రామంలోని మతగురువే కథకుడు. కర్నల్ ప్రోథరో ఆ ఊరి పెద్దమనిషి, న్యాయాధికారి. అతడంటే ఇష్టపడేవారు అత్యల్పం. ఒకనాడు భోజనవేళ సాధుస్వభావుడైన మతగురువే విసిగి, అతణ్ణి హత్య చేసినవారు లోకానికి మహోపకారం చేసినవారవుతారని నోరు జారతాడు. తరువాత ఆ కర్నల్ మతగురువు గదిలోనే, రాతబల్ల ముందు కూర్చున్న చోటనే తుపాకి గుండుకు బలి అవుతాడు. ఈ విధంగా హాస్యం, భయం ఒకే దారంతో అల్లుకొని సాగడం ఈ నవలా శిల్పంలోని విశేషం.

ఊరంతా అనుమానితులే. పైగా ఒకరి తరువాత ఒకరుగా ఇద్దరు తామే హంతకులమని ఒప్పుకుంటారు. మిస్ మార్పుల్ తన మనసులో ఏడుగురిని అనుమానితులుగా ఉంచుకుంటుంది. మతగురువు ఇంటి పక్కనే ఆమె తోట ఉంది. మొక్కలకు పాదులు తీయడం, బైనాక్యులర్‌తో పక్షులను చూడడం ఆమెకు అలవాటు. ఆ దారిన ఎవరు పోయినా ఆమె కంట పడక తప్పదు.

ఆ గదిలో ఒక గడియారం ఉంది. ఇంటివారు దానిని ఎప్పుడూ పావుగంట ముందుకు తిప్పి ఉంచుతారు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. దర్యాప్తుకు వచ్చిన ఇన్‌స్పెక్టర్ స్లాక్‌కు తెలియదు. ‘స్లాక్’ అంటే ఆంగ్లంలో మందకొడి అని అర్థం. ఆయన మాత్రం క్షణం నిలువని మనిషి. గడియారం సంగతి చెప్పబోయిన మతగురువు మాటను ఆయన వినిపించుకోడు. ఆగిపోయిన గడియారం చూపిన వేళనే నమ్మి ముందుకు సాగుతాడు. ఇన్‌స్పెక్టరుకు చురుకుదనం ఉంది, అధికారం ఉంది. లేనిది ఎదుటివారి మాట వినే ఓర్పు. చూపుకు పదవి అక్కరలేదు, వినడానికి వినయం కావాలి అన్న నీతిని ఈ చిన్న సంఘటన వాచ్యం చేయకుండానే తెలుపుతున్నది.

హంతకులెవరో ఇక్కడ చెప్పడం ధర్మం కాదు. నవల చదువబోయే పాఠకుని ఆనందాన్ని హరించే హక్కు వ్యాసకర్తకు లేదు. ఒక్క సూచన మాత్రం చేయవచ్చు. మిస్ మార్పుల్ అన్నిటినీ చూసింది కనుక గెలువలేదు. తాను కళ్ళారా చూసినదానినే మరల ప్రశ్నించుకున్నది కనుక గెలిచింది.

ఇక్కడ ఒక సందేహం కలుగవచ్చు. ఇరుగుపొరుగువారి రాకపోకలను కనిపెట్టడం, టీ బల్ల దగ్గర చేరి గుసగుసలాడడం మంచి అలవాటా? కాదు. ఈ నవలలోని గ్రామస్త్రీలు పలువురు ఎంతో చూస్తారు, ఎంతో మాట్లాడతారు. వారి ఊహలలో అధికభాగం తప్పులే. ‘నిప్పు లేనిదే పొగ రాదు’ అన్న సామెతను నమ్మి నిరపరాధులపై నింద మోపేవారు ప్రతి ఊరిలోనూ ఉంటారు. వదంతి తన మాటను తాను నమ్ముతుంది. పరిశోధన తన మాటను తాను అనుమానిస్తుంది. మిస్ మార్పుల్ మనుషులలోని చెడును ఊహించడానికి వెనుదీయదు. అయితే ఆ ఊహ ప్రతి వివరంతోనూ పొసగినప్పుడే దానిని నిజమని నిర్ధారిస్తుంది. సత్యాసత్యాలు తేలకపోతే ఆ నీడ నిర్దోషుల మీద కూడా జీవితాంతం ఉండిపోతుంది. అందువల్ల హంతకుణ్ణి పట్టుకోవడం ఎంత అవసరమో, తప్పు చేయనివారిని నిందనుండి విడిపించడం కూడా అంతే అవసరం.

ఈ వృద్ధ పరిశోధకురాలు శూన్యంలోనుండి పుట్టలేదు. తన అమ్మమ్మ స్నేహితురాళ్ళ వంటి వృద్ధస్త్రీలలో తాను చూసిన లక్షణాలే ఈ పాత్రకు మూలమని క్రిస్టీ తన ఆత్మకథలో తెలిపారు. 1926లో రాసిన మరొక నవలలో, ఇల్లు కదలకుండానే ఊరి వార్తలన్నీ సేకరించే కారొలిన్ అనే పాత్ర మిస్ మార్పుల్‌కు ముందడుగు. ఆనాటి సామాజిక స్థితి కూడా గమనింపదగినదే. యుద్ధంలో లక్షలాది యువకులు మరణించారు. 1921 జనాభా లెక్కల ప్రకారం ఇంగ్లండు, వేల్సులలో పురుషులకన్నా స్త్రీలు దాదాపు 17 లక్షలమంది ఎక్కువ. అవివాహితలుగా మిగిలినవారిని సమాజం ‘అదనపు’ స్త్రీలుగా చూసింది. సమకాలీన రచయిత్రి డొరొతీ సేయర్స్ 1927లో రచించిన నవలలో మిస్ క్లింప్సన్ అనే అవివాహిత పరిశోధనకు తోడ్పడుతుంది. ఇటువంటి స్త్రీల తెలివితేటలను సమాజం వృథా చేస్తున్నదన్న ఆవేదన ఆ పాత్ర చిత్రణలో కనిపిస్తుంది. లెక్కల్లో ‘అదనం’గా తేలినవారిని ఈ రచయిత్రులు కథకు కేంద్రంగా నిలిపారు.

ఆ సంప్రదాయం నేటికీ సజీవంగా ఉంది. 2020లో రిచర్డ్ ఆస్మన్ రచించిన ‘ద థర్స్‌డే మర్డర్ క్లబ్’ నవలలో నలుగురు వృద్ధులు పరిశోధకులు. వారిలో ఎలిజబెత్ ఒకప్పటి గూఢచారిణి, జాయిస్ నర్సు, రాన్ కార్మిక నాయకుడు, ఇబ్రహీం మానసిక వైద్యుడు. కెంట్ ప్రాంతంలోని విశ్రాంత నివాసంలో ప్రతి గురువారం చేరి పరిష్కారం కాని పాత హత్యలను చర్చిస్తారు. ఇంతలో వారి పరిసరాలలోనే నిజమైన హత్య జరుగుతుంది. క్రిస్టీ కథలో మంగళవారం, ఆస్మన్ నవలలో గురువారం. వారం మారింది, విషయం మారలేదు. వయసు మీరిందన్న కారణంతో లోకం పక్కన పెట్టినవారే లోకానికి కనిపించనిది చూస్తారు. ఈ నవల 2025లో చలనచిత్రంగా వచ్చింది.

తెలుగులో కూడా పరిశోధన నవలకు విస్తృత పాఠకాదరణ లభించింది. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అతని సహాయకుడు రాజు తరతరాల పాఠకులను అలరించారు. యుగంధర్ వృత్తిరీత్యా పరిశోధకుడు. పరిశోధనకు హాస్యాన్ని జోడించిన మల్లాది వెంకటకృష్ణమూర్తి నవల ‘చంటబ్బాయ్’ 1986లో జంధ్యాల దర్శకత్వంలో చలనచిత్రమై జనాదరణ పొందింది. అయితే మన అరుగుల మీద వత్తులు చేసుకుంటూ వీధినంతా గమనించే బామ్మలకు కొదువ లేదు. ఎవరింట పాలు ఆలస్యమయ్యాయో, ఎవరి కోడలి ముఖం వాడిందో వారికి తెలుసు. అటువంటి బామ్మ పరిశోధకురాలైతే ఎట్లా ఉంటుందో విద్యార్థులు ఊహించి చూడవచ్చు.

హత్య వంటి ఘోరాన్ని తేలికగా చెప్పడం మరణాన్ని పరిహసించడం కాదు. ఈ నవలలలో హాస్యం మృతుని మీద కాదు, బ్రతికి ఉన్నవారి డాంబికాల మీద. రక్తపాత వర్ణన తగ్గినకొద్దీ మానవస్వభావ పరిశీలనకు చోటు పెరుగుతుంది. పరిశోధనాసక్తి గలవారికి గొప్ప పరికరాలు, పదవులు ముఖ్యం కావు. మన ఇంట్లో, మన తరగతిలో, మన వీధిలో మాట్లాడకుండా కూర్చున్న ఆరవ వ్యక్తి ఎవరో ఒకరు ఉంటారు. వారిని లెక్కలోకి తీసుకోవడమే పరిశోధనకు మొదటి మెట్టు. మనుషులుగా మనకు కూడా అదే మొదటి మెట్టు.

కఠిన పదాలు – అర్థాలు

ఔత్సాహికులు : వృత్తిగా కాక ఇష్టంతో పనిచేసేవారు
ఉదంతం : జరిగిన సంగతి
అద్దుడు కాగితం : రాసిన సిరాను పీల్చే కాగితం
పాషాణం : ఒక విషం
వదంతి : నిర్ధారణ లేకుండా జనంలో వ్యాపించిన మాట
వాచ్యం చేయు : నేరుగా మాటల్లో చెప్పు
పొసగు : సరిపోవు, కుదురు
డాంబికం : లేని గొప్ప చూపుకోవడం

అభ్యాసం

I. సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. తన ఇంటి నాలుగు గోడల మధ్యనే ఆమె లెక్కకు రాలేదు.
2. చూపుకు పదవి అక్కరలేదు, వినడానికి వినయం కావాలి.
3. వదంతి తన మాటను తాను నమ్ముతుంది. పరిశోధన తన మాటను తాను అనుమానిస్తుంది.

II. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. ‘వందలు, వేలు’ అన్న మాటను ఎవరెవరు ఏవిధంగా అర్థం చేసుకున్నారు?
2. ఇన్‌స్పెక్టర్ స్లాక్ దర్యాప్తులోని లోపమేమిటి?
3. 1921 నాటి సామాజిక స్థితికి, వృద్ధ పరిశోధకురాలి పాత్రకు గల సంబంధాన్ని తెలపండి.

III. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. మిస్ మార్పుల్ పరిశోధనా పద్ధతిని పాఠం ఆధారంగా వివరించండి.
2. గ్లాడిస్ నేరస్థురాలా, మోసానికి బలి అయినదా? మీ అభిప్రాయాన్ని సకారణంగా చర్చించండి.

IV. సంధులు
1. పరిశోధనాసక్తి = పరిశోధన + ఆసక్తి : సవర్ణదీర్ఘ సంధి
2. మహోపకారం = మహా + ఉపకారం : గుణసంధి
3. అత్యల్పం = అతి + అల్పం : యణాదేశ సంధి
4. ఊరంతా = ఊరు + అంతా : ఉకార సంధి

V. సమాసాలు
1. మానవస్వభావం : మానవుని యొక్క స్వభావం – షష్ఠీ తత్పురుష
2. సత్యాసత్యాలు : సత్యమును, అసత్యమును – ద్వంద్వ సమాసం
3. నాలుగు గోడలు : నాలుగు సంఖ్య గల గోడలు – ద్విగు సమాసం

VI. ప్రాజెక్టు పని
మీ ఇంట్లో లేదా వీధిలో ఉన్న ఒక వృద్ధురాలితో మాట్లాడి, గత పది సంవత్సరాలలో మీ వీధిలో ఆమె గమనించిన మార్పులను ఒక పుటకు మించకుండా రాయండి. ఆమె చెప్పినవాటిలో మీకు ముందు తెలియని సంగతులను ప్రత్యేకంగా పేర్కొనండి.